సుడులకు గుంజలు

పదిమందిలో చేసిన తప్పు పదిమందిలోనే ఒప్పుకోవాలి. చాటుగా ఒప్పుకుంటే అది ఇంకొక తప్పు. అంచేత ఈ వారం ఈ పేజీని ఆ పనికే వాడుకుంటున్నాను. పాఠకులు మన్నించాలి.

కొద్ది నెలల క్రితం, కరెంటు పోయిన ఒక రాత్రి, విసనకర్రతో విసురుకుంటూ ఆవేశంలో ఒక వ్యాసం రాసి పంపాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అతివాహకాలనే పదార్థాలున్నాయట, వాటిలో కరెంటుకు అడ్డే ఉండదట, 1986 తరవాత కనిపెట్టిన రకాల్ని ద్రవ నత్రజనిలో ముంచితే చాలునట, ఇక తీగల్లో నష్టమన్నది పాత కథ అవుతుంది, అని. నేను తెలుగు ఎం.ఏ.ని. సంధులూ సమాసాలూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. సైన్సు పుస్తకాలు చదివి సంతోషించడమే గాని ప్రయోగం చేసిన పాపాన పోలేదు. అయినా 'అట' 'అట' అని మొదలుపెట్టి, చివరకు 'అవుతుంది' అని తీర్పు చెప్పేశాను. తెలుగు మేష్టరుకు క్రియాపదం దగ్గర ఉండే చొరవ అలాంటిది.

వేసవి సెలవుల్లో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఒకనాటి పొద్దున్నే నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుంది. తరవాత భౌతికశాస్త్రంలోకి వెళ్లి, ఇప్పుడు పరిశోధన చేస్తున్నది. మా ఆవిడ అట్లు పోస్తున్నది. కూర్చోమన్నాను. ఆ పిల్ల కూర్చోకుండానే, "మాస్టారూ, మీ వ్యాసం నన్ను ఇరకాటంలో పెట్టింది" అన్నది.

సంగతేమిటంటే, వాళ్ల ఊరి హైస్కూలు హెడ్మాస్టరుగారు నా వ్యాసం చదివారు. ఈ పిల్ల చేసే పరిశోధన కూడా ఆ పదార్థాల మీదేనని తెలిసి, బడి తెరిచాక వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. 'నష్టంలేని కరెంటు తీగలు తయారుచేస్తున్న మన ఊరి అమ్మాయి' అని బోర్డు మీద రాయిస్తామని కూడా చెప్పారట.

"మంచిదేగా అమ్మా?"

"మంచిదే మాస్టారూ. నిజం మాత్రం కాదు. నేను నాలుగేళ్లుగా చూస్తున్నదల్లా ఆ నష్టం ఎక్కణ్ణుంచి వస్తుందోనని. వేడి తగిలేకొద్దీ అది ఎట్లా పెరుగుతుందోనని. ఊళ్లో పొలాలకు మోటార్లు తిరగక ఏడుస్తుంటే, నేను వెళ్లి నష్టమే ఉండదని చెప్పి రానా? ఉంటుందని చెబితే, నాలుగేళ్లూ ఏం చేశావమ్మా అంటారు."

నా నోట మాట రాలేదు. సరే, ముందు నాకు చెప్పు, నాకు తెలిస్తే ఎవరికైనా తెలుస్తుంది అన్నాను. ఆ రోజు ఆ పిల్ల చెప్పినది నాకు అందినంత మటుకు ఇక్కడ రాస్తున్నాను.

1911లో హాలెండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ పాదరసాన్ని సున్నాకు దిగువన 269 డిగ్రీల దాకా చల్లబరిచి చూస్తే, దానిలో కరెంటుకు నిరోధం హఠాత్తుగా మాయమైంది. ఆయన కూడా నాలాగే తొందరపడ్డాడు. ఇలాంటి తీగ చుట్టి బ్రహ్మాండమైన అయస్కాంతం చెయ్యవచ్చునని ఆశపడ్డాడు. తీరా చూస్తే, కొద్దిపాటి అయస్కాంత క్షేత్రం తగిలేసరికే సీసపు తీగలో ఆ గుణం కాస్తా పోయింది. నోబెల్ బహుమానం పుచ్చుకున్నవాడికే అట్లా అయిందంటే నాకు కొంత ఊరట కలిగిన మాట నిజం.

అయితే కొన్ని అతివాహకాలు అయస్కాంత క్షేత్రానికి అంత తొందరగా లొంగవు. దాన్ని సన్నని దారాలుగా లోపలికి రానిచ్చి, మిగతా మేరలో తమ గుణాన్ని కాపాడుకుంటాయి. ఒక్కొక్క దారం చుట్టూ కరెంటు సుడి తిరుగుతుంటుంది. ఈ సంగతి లెక్క కట్టి 1957లో ప్రచురించినవాడు రష్యాలో అబ్రికోసోవ్. 2003లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఒక్కొక్క సుడిలో పట్టే అయస్కాంతం అంతా ఒకే కొలత, ప్రకృతి ఒకే సోలతో కొలిచి పోసినట్టు. ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం బలం సాధారణంగా ఒకటిన్నర టెస్లా ఉంటుంది. ఒక్క టెస్లా అనుకున్నా, ఒక చదరపు మిల్లీమీటరు మేరలో దాదాపు 48 కోట్ల సుడులుంటాయి. ఇవి ముక్కోణాల వరసల్లో సర్దుకుని నిలబడతాయి. 1967లో జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు వాటి మీద అయస్కాంతపు పొడి జల్లి ఫోటో తీశారు. చుక్కల ముగ్గు వేసినట్టు కనబడింది.

"ఇప్పుడు చిక్కు వినండి మాస్టారూ. ఈ సుడులు కదలకుండా ఉన్నంతసేపే నిరోధం సున్నా. కరెంటు పోనిస్తే, అది సుడుల్ని పక్కకు తోస్తుంది. అవి జరిగాయా, శక్తి ఖర్చయింది. ఖర్చయిందా, వేడి పుట్టింది. అదే నష్టం."

"మరి కదలకుండా ఎట్లా ఉంచుతారు?"

"స్ఫటికంలో దోషాలుండాలి. ఎక్కడో ఒక అణువు లోపించడం, ఎక్కడో పరాయి గింజ ఇరుక్కోవడం. సుడి నడిమధ్య అతివాహక గుణం ఎలాగూ ఉండదు. దాన్ని చంపడానికి కొంత శక్తి కావాలి. దోషమున్న చోట ఆ గుణం ముందే చచ్చి ఉంటుంది. గొయ్యి తవ్వుకోవలసినవాడికి తవ్విన గొయ్యి దొరికినట్టు, సుడి వెళ్లి అక్కడ కూర్చుంటుంది. తోసినా లేవదు."

"అయితే ఏ దోషమూ లేని స్ఫటికం..."

"కరెంటు మొయ్యడానికి పనికిరాదు. మొదటి ఏడాదంతా తంటాలు పడి అద్దంలాంటి స్ఫటికం ఒకటి పెంచాను. మా గురువుగారు చూసి, ఎంత బావుందో అన్నారు. దాన్ని క్షేత్రంలో పెట్టి కరెంటు పంపితే సుడులు నూనె రాసిన బండ మీద జారినట్టు జారిపోయాయి."

ఇంగ్లీషులో ఈ పట్టి ఉంచడాన్ని 'పిన్నింగ్' అంటారట. వాళ్ల ఊరి పిల్లలకు ఏ మాట చెప్పాలో తెలియక నా దగ్గరకు వచ్చింది. ఇదిగదా నా విద్య అని ఉత్సాహం పుట్టి, 'కీలనం' అన్నాను. ఆ పిల్ల మర్యాదగా తలవంచుకున్నది. వంటింట్లోంచి మా ఆవిడ, "గుంజకు కట్టడం అనరాదుటండీ!" అన్నది. ఇక నేను మాట్లాడలేదు.

గుంజ అన్న మాట దొరికేసరికి మిగతా కథంతా సులువుగా నడిచింది. సుడి ఒక గొడ్డు అనుకోండి. దోషం గుంజ. కరెంటు దాన్ని ముందుకు తోలే ములుకోల. మరి వేడో? వేడి అంటే జోరీగలు. ఎవరూ తోలకపోయినా, జోరీగలు ముసిరిన గొడ్డు ఊరికే ఉండదు. తల విదిలిస్తుంది, కాలు తాటిస్తుంది, పలుపు గుంజుతుంది. వెయ్యిసార్లు గుంజినా తెగని పలుపు వెయ్యిన్నొకటోసారి తెగవచ్చు. తెగితే ఆ గొడ్డు పక్క గుంజ దగ్గరకు పోతుంది. ఇట్లా ఒకటొకటిగా సుడులు పాకడాన్ని 1962లో అమెరికాలో ఆండర్సన్ వివరించాడు. దీని లెక్క చిత్రంగా ఉంటుంది. నిలబెట్టిన కరెంటు మొదటి నిమిషం నుంచి పదో నిమిషం దాకా ఎంత తరుగుతుందో, పదో నిమిషం నుంచి నూరో నిమిషం దాకా మళ్లీ అంతే తరుగుతుంది. అప్పుల వడ్డీకి సరిగ్గా తిరకాసు.

పాత అతివాహకాలు ద్రవ హీలియంలో, సున్నాకు దిగువన 269 డిగ్రీల దగ్గర పనిచేసేవి. అక్కడ జోరీగలు బహు కొద్ది. పాకుడు ఉన్నా లెక్కలోకి రాదు. 1986లో జ్యూరిక్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు రాగి, ప్రాణవాయువు కలిసిన ఒక మట్టిలాంటి పదార్థంలో అతివాహకత్వం చూశారు. 1987లో యిట్రియం కలిపిన రకం సున్నాకు దిగువన 180 డిగ్రీల దగ్గరే ఆ గుణం చూపింది. మరుసటి ఏడు బిస్మతు రకం వచ్చింది. ద్రవ నత్రజని మరిగేది సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర. అంటే పాలకన్నా చవకైన ద్రవంతో పని జరిగిపోతుందని లోకమంతా పండగ చేసుకుంది. నా వ్యాసం ఆ పండగ దగ్గరే ఆగిపోయింది.

ఆగకూడని చోట ఆగింది. ఎంచేతనంటే, పరమశూన్యం నుంచి లెక్కవేస్తే ద్రవ నత్రజని వేడి ద్రవ హీలియం వేడికి 18 రెట్లు. అంటే జోరీగలు 18 రెట్లు. పైగా వేడికి అతివాహక గుణమే పలచబడుతుంది గనక గుంజలూ లోతు తగ్గుతాయి. గుంజ లోతు సగమైతే పలుపు తెంపుళ్లు రెట్టింపు కావడంతో ఆగవు, వందల వేల రెట్లవుతాయి. 1988లోనే ఐబీఎం శాస్త్రజ్ఞులు యిట్రియం స్ఫటికంలో సుడుల పాకుడు పాతవాటికన్నా ఎంత పెద్దదో కొలిచి, దానికి రాకాసి పాకుడు అనదగిన పేరే పెట్టారు.

ఇంతలో మా ఆవిడ అట్లు తెచ్చి పెట్టింది. ఒకదాని మీద ఒకటి ఏడెనిమిది. ఆ పిల్ల వాటికేసి చూసి, "ఇదే మాస్టారూ నా పరిశోధన" అన్నది.

హాస్యమనుకున్నాను. కాదు. ఈ కొత్త అతివాహకాలన్నీ పొరలు పొరలుగా ఉంటాయి. రాగి, ప్రాణవాయువుల పొరల్లోనే కరెంటు బాగా పారుతుంది. పొరకూ పొరకూ నడుమ లంకె బలహీనం. బిస్మతు రకంలో ఆ ఎడం ఒకటిన్నర నానోమీటరు. అంత చిన్న ఎడమే అయినా లంకె మాత్రం మహా సన్నం. అంచేత సుడి పైనుంచి కిందిదాకా ఒకే తాడులాగ ఉండదు. పొరకొక చిన్న సుడిగా, అట్ల దొంతరలాగ ఉంటుంది. 1991లో అమెరికాలో జాన్ క్లెమ్ ఈ లెక్క విపులంగా కట్టి చూపాడు. వాళ్లు వాటిని పాన్‌కేకులంటారు. మనకు అట్లే.

ఆ పిల్ల వేలితో ఒక అట్టును నొక్కిపట్టి, పళ్లెం కాస్త కదిలించింది. పట్టుకున్న అట్టు నిలిచింది, పైవి జారాయి. "తాడైతే ఒకచోట కట్టినా తాడంతా నిలుస్తుంది. దొంతరలో ఒక్కదాన్ని కడితే ఒక్కటే నిలుస్తుంది. పైగా ఒక్కొక్క అట్టూ చిన్నది. చిన్నదాన్ని చిన్న జోరీగ కూడా కదిలిస్తుంది." అందుకే ద్రవ నత్రజనిలో యిట్రియం రకం కొన్ని టెస్లాల క్షేత్రం దాకా సుడుల్ని పట్టి ఉంచగలిగితే, బిస్మతు రకం చాలా కొద్ది క్షేత్రానికే వదిలేస్తుంది. అదే బిస్మతును ద్రవ హీలియంలో ముంచితే, 20 టెస్లాలు దాటినా కరెంటు మోస్తుంది. పదార్థం అదే, గుంజలు అవే. తేడా అంతా జోరీగల్లోనే ఉన్నది.

వేడి ఇంకా పెరిగితే సుడుల ముగ్గే కరిగిపోతుంది. 1995లో ఇజ్రాయెలులోని వైజ్‌మన్ సంస్థలో బిస్మతు స్ఫటికం మీద ఈ కరగడాన్ని స్పష్టంగా కొలిచారు. మంచు కరిగి నీళ్లయితే నీళ్లు మంచుకన్నా చిక్కబడతాయి గదా, సుడులు కూడా కరిగినప్పుడు మునుపటికన్నా కాస్త ఒత్తుగా చేరాయట. అప్పటికి అతివాహకత్వం ఇంకా పోలేదు. కాని కరిగిన సుడుల్ని గుంజలు పట్టలేవు. అతివాహకం ఉంటుంది, నష్టమూ ఉంటుంది. నా వ్యాసానికి ఇంతకన్నా ఏం జవాబు కావాలి?

"అయితే వేడి శత్రువన్నమాట" అన్నాను, ఈసారైనా తీర్పు సరిగా చెబుదామని.

"పూర్తిగా కాదు మాస్టారూ" అన్నది. చల్లారి బిగుసుకున్న అట్టు ఒకదాన్ని వంకర పళ్లెం మీద వేసింది. అది రెండుచోట్ల మాత్రమే ఆని నిలబడ్డది. వేడివేడి మెత్తని అట్టు వేస్తే పళ్లెం వంపుకల్లా అతుక్కుపోయింది. సుడుల ముగ్గూ అంతేనట. బిగువుగా ఉన్నప్పుడు తన వరస చెడగొట్టుకోదు, గుంజలు ఒకచోట, తను ఒకచోట. కరగబోయే ముందు మెత్తబడి, ఒక్కొక్క సుడీ దగ్గరి గుంజను వెతుక్కుంటుంది. అంచేత కొన్ని పదార్థాల్లో వేడి పెంచుకుంటూ పోతే, మొయ్యగల కరెంటు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, అతివాహకత్వం పోయే ముందు ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ తరవాతే పడిపోతుంది. మెత్తదనమే ఇందుకు కారణం కావచ్చునని 1969లో ఇంగ్లండులో పిప్పార్డ్ సూచించాడు. నయోబియం సెలినైడు అనే పొరల పదార్థం మీద ఈ వింతను 1990ల నుంచి శ్రద్ధగా పరిశోధించిన వాళ్లలో మన బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు ముఖ్యులు.

నేను అట్టు తినడం మరిచిపోయాను. మా ఆవిడ గుర్తుచేసింది.

జూలైలో వాళ్ల ఊరి బడికి నేను కూడా వెళ్లాను. తప్పు నాది గనక, వెళ్లడం ధర్మమనిపించింది. బోర్డు మీద హెడ్మాస్టరుగారు చెప్పిన మాటే రంగు సుద్దలతో రాసి ఉన్నది. ఆ పిల్ల వేదిక ఎక్కుతూనే డస్టరు తీసుకుని 'నష్టంలేని' అన్న మాట చెరిపేసింది. హెడ్మాస్టరుగారి మొహం చిన్నబోయింది. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు.

తరవాత అరగంట గుంజలూ జోరీగలూ అట్ల దొంతరా. పిల్లలు కిక్కురుమనలేదు. జరిగిన మేలు కూడా దాచకుండా చెప్పింది. తీగ తన కరెంటుతో తనే పుట్టించుకునే క్షేత్రం చిన్నదైన చోట బిస్మతు కూడా పనికివస్తుంది. 2014లో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ద్రవ నత్రజనితో చల్లబరిచే ఒక కిలోమీటరు కేబులు వేసి, కొన్నేళ్లు ఊరికి కరెంటు ఇచ్చారు. పెద్ద క్షేత్రం కావలసిన ఎంఆర్ఐ యంత్రాల్లో మాత్రం చాలామటుకు ఇప్పటికీ పాతకాలపు నయోబియం టైటానియం తీగే, ద్రవ హీలియంలోనే. ధర ఒక కారణం, తీగ తియ్యడంలో కష్టం ఒక కారణం, ఈ పాకే సుడులు ఒక కారణం.

చివర ప్రశ్నలడగమన్నారు. ఎవరూ లేవలేదు. అప్పుడు వెనక బెంచీలోంచి, ఏడో తరగతి కాబోలు, రెండు జడల పిల్ల లేచి, "అక్కా, ఒక్కో అట్టుకూ ఒక్కో గుంజ ఎందుకూ? పైనుంచి కిందిదాకా ఒకే పొడుగు మేకు దిగగొడితే అన్నీ నిలబడవా?" అన్నది.

మా అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. 1991లో అమెరికాలో అచ్చంగా అదే చేశారట. బరువైన తగరపు అయాన్లను తుపాకి గుళ్లలాగ యిట్రియం స్ఫటికంలోంచి దూరిపోయేలా కొట్టారు. అవి పోయిన దారి పొడుగునా సన్నని నిలువు దోషాలు ఏర్పడ్డాయి. సుడులు వాటిలో పడి, మునుపు జారిపోయే వేడి దగ్గర కూడా గట్టిగా నిలబడ్డాయి. ఇప్పుడు తీగ తయారుచేసేటప్పుడే పరాయి పదార్థపు గింజలు కలిపి, అవే నిలువు వరసలుగా పేరుకునేలా చేస్తున్నారు.

"మరైతే బోలెడు మేకులు కొట్టేస్తే?" అన్నది ఆ పిల్ల, కూర్చోకుండానే.

"అన్నీ మేకులే అయితే గొడ్డుకు చోటేదీ? అతివాహకమే పాడవుతుంది. ఎన్ని కొట్టాలి, ఎంత లావువి కొట్టాలి, ఏ వేడికి ఎన్ని అనేదే నేను చూస్తున్న పని. ఇంకా తేలలేదు."

హెడ్మాస్టరుగారు లేచి, బోర్డు మీద చెరిపిన చోట 'నష్టాన్ని తగ్గించే' అని తన చేత్తోనే రాశారు. చప్పట్లు కొట్టారు. ఆ రెండు జడల పిల్ల మాత్రం కొట్టలేదు. నోటుబుక్కులో ఏవో నిలువు గీతలు గీసుకుంటున్నది.

నా పాత వ్యాసంలో చివరి వాక్యాన్ని పాఠకులు దయచేసి దిద్దుకోవాలి. 'అవుతుంది' అన్న చోట 'కావచ్చు' అని ఉండాలి. అచ్చుతప్పు కాదు, నా తప్పే.